మిషన్ మళ్లీ పట్టుకుంటానంటున్నారు మా ఆయన

ప్రకాశం జిల్లా నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాం.

ఆమె భర్తకి 34 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా జామాయిల్, సుబాబుల్ తోటల్లో మిషన్ రంపంతో చెట్లు కోసే పని. ఒక మేస్త్రీ కింద ఏడెనిమిది మంది ముఠా, కూలి టన్ను లెక్కన. మిషన్ మాత్రం సొంతం, అప్పు చేసి కొన్నది, ఇంకా కొంత తీర్చాలి. నాలుగు నెలల కిందట, వాన వెలిసిన మర్నాడు, లోడు ఎత్తాలన్న తొందరలో కోత మొదలుపెట్టారు. జామాయిల్ తోట, రెండో కోత. కోసిన చెట్టు ఒకటి నేల మీద పడకుండా పక్క చెట్టు కొమ్మల్లో చిక్కుకుంది. దాన్ని దించడానికి వంగి అడుగున కోస్తుంటే మిషన్ ఒక్కసారిగా ఎగిరి మీదికొచ్చింది. తప్పుకోబోయి ఆయన జారారు. తిరుగుతున్న చైన్ ఎడమ తొడ మీద, మోకాలికి జానెడు పైన దిగింది. ఎగ్గట్టిన లుంగీ, కాళ్లకి హవాయి చెప్పులు. తోటివాళ్లలో ఒకరు కాఫీ పొడి కోసం పరిగెత్తారు, ఇంకొకరు తువ్వాలు చుట్టారు. 108 వాళ్లకి తోట ఎక్కడుందో చెప్పడానికే చాలాసేపు పట్టింది. కండరం తెగింది, ఎముక మీద గాటు పడింది. లోపల చీము పట్టడంతో రెండోసారి ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది.

ఇప్పుడు నడుస్తున్నారు. మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటారు. వచ్చే నెల నుంచి మళ్లీ కోతకి వెళ్తానంటున్నారు. కానీ పక్క వీధిలో ఎవరైనా మిషన్ స్టార్ట్ చేస్తే లేచి లోపలికి వెళ్లిపోతారు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తారు, ఏమైందంటే కసురుకుంటారు. పైగా ఇంటర్ తప్పి ఖాళీగా ఉన్న ఆమె తమ్ముణ్ని, 19 ఏళ్లవాణ్ని, హెల్పర్‌గా తీసుకెళ్తానంటున్నారు. కుర్రాడు ఉత్సాహంగా ఉన్నాడు, తల్లి సరేనంది. దిష్టి తగిలింది, తీయించాం, ఇక ఏం కాదని అత్తగారు ధైర్యం చెబుతున్నారు. మేస్త్రీ పది వేలు చేతిలో పెట్టి, "మిషన్ నీది, కోసింది నువ్వు, ఇందులో నాదేముంది" అన్నాడు.

ఆమె ఇలా ముగించారు: "వద్దంటే, నన్ను పనికిరానివాణ్ని చేస్తున్నావంటారు. ఊరుకుంటే మా ఆయనా తమ్ముడూ ఇద్దరూ ఆ మిషన్ దగ్గరికే పోతారు. నా భయం మరీ ఎక్కువైందా? ఏం చెయ్యను?"

అమ్మా,

మీ భయం ఎక్కువేం కాదు. కాకపోతే మీ ఉత్తరంలో నాలుగు విషయాలు కలిసిపోయి ఒకటే ముడి పడ్డాయి. మీ ఆయన కాలు, ఆయన మనసు, మీ తమ్ముడి దారి, మేస్త్రీ ఇవ్వాల్సిన డబ్బు. అన్నిటికీ కలిపి "వెళ్లాలా, మానాలా" అని అడిగితే ఇంట్లో గొడవ తప్ప జవాబు రాదు.

ముందు ఆ రోజు ఏం జరిగిందో మీకు తెలియాలి. మిషన్ బార్‌కి కొస ఉంటుంది కదా, ఆ కొసలో పై సగం గట్టిదానికి తగిలితే చైన్ దాన్ని కోయలేక పట్టేస్తుంది. ఆ వేగమంతా వెనక్కి తంతుంది, బార్ పైకి లేచి పట్టుకున్న మనిషి వైపు తిరుగుతుంది. పూర్తి రేజ్ ఇచ్చినప్పుడు చైన్ సెకనుకి 20 మీటర్లకి పైనే పరిగెత్తుతుంది. మన కన్ను చూసి, చెయ్యి కదిలేలోపు అంతా అయిపోతుంది. అనుభవం ఉన్నవాడైనా, బలమైనవాడైనా ఆపలేడు. రెండో కోత తోటలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. మొదటి కోత మోడు నుంచి రెండు మూడు పిలకలు లేచి, దగ్గర దగ్గరగా కాండాలవుతాయి. ముందున్నదాన్ని కోస్తుంటే, కనపడని కొస వెళ్లి వెనకదానికి తగులుతుంది. అక్కడ చిక్కుకున్న చెట్టు, తడి నేల, వంగి కోయడం, లోడు తొందర కూడా తోడయ్యాయి. ఇందులో దిష్టికి చోటు లేదు. మీ ఆయన చేతకానితనానికీ చోటు లేదు. ఈ రెండో మాట ఆయనకి వినపడేలా మీరు అనాలి. తొమ్మిదేళ్ల పనివాడు లోపల్లోపల తనని తాను తిట్టుకుంటూ ఉంటాడు, కసురుకోవడంలో సగం అదే.

ఉత్తరం చివర, మీకు అంత ముఖ్యం అనిపించక కాబోలు, ఒక మాట రాశారు: "మిషన్‌కి ముందుండే ప్లాస్టిక్ కాపు విరిగి ఏడాదైంది, అడ్డంగా ఉంటుందని మళ్లీ వెయ్యించలేదు." నేను ఆ వాక్యం దగ్గరే చాలాసేపు ఆగాను. ముందు పిడికి ఎదురుగా నిలబడి ఉండే ఆ కాపు చేతికి కొమ్మలు గీసుకోకుండా పెట్టిందని చాలామంది అనుకుంటారు. అది బ్రేకు మీట కూడా. మిషన్ ఎగిరినప్పుడు ఎడమచెయ్యి వెనక తగిలి గాని, ఆ ఊపుకే గాని అది ముందుకి పడుతుంది, చైన్ అక్కడికక్కడే ఆగుతుంది. ఆ రోజు కాపు ఉండుంటే మిషన్ ఎగిరేదే, ఆయన జారేవారే. కానీ తొడ మీద పడేసరికి చైన్ ఆగిపోయి ఉండే అవకాశం చాలా ఉంది. ఇది చెప్పేటప్పుడు "నువ్వు వెయ్యించలేదు కాబట్టే" అని మొదలుపెట్టకండి. అప్పటినుంచీ అదే మిషన్ గోడవారన అలాగే ఉందా, ఎవరికైనా ఎరువిచ్చారా అని అడగండి. ఇప్పుడు వేరేవాళ్లు దాంతో కోస్తుంటే ముందు అది ఆపించాలి.

ఇక కాలు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారని రాశారు. ఒక మెట్టు దిగుతున్నప్పుడు శరీరం బరువుని పట్టి నిలిపేది తొడ ముందు భాగంలో ఉండే కండరం. తెగింది సరిగ్గా అదే. చదును నేల మీద నడక బాగున్నంత మాత్రాన ఆ కండరం కుదిరిందనుకోకూడదు. చెట్టు ఒరగడం మొదలవ్వగానే కోసేవాడు అది పడే వైపుకి వెనక ఏటవాలుగా, మోళ్లూ కొమ్మలూ దాటుకుంటూ, చెట్టు మీద నుంచి చూపు తిప్పకుండా తప్పుకోవాలి. ఆయన కాలు ఇప్పుడు అది చెయ్యలేదు. "నువ్వు వెళ్లొద్దు" అనేకంటే, "గోడ పట్టుకోకుండా పది మెట్లు దిగి, గొంతుక్కూర్చుని చెయ్యి ఆనించకుండా లేచి, ఎడమకాలి మీద కాసేపు నిలబడి చూపించు" అనండి. ఆయనకే తెలుస్తుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి ఇంకోసారి వెళ్లి "మామూలు పనికి వెళ్లొచ్చా" అని అడగకండి, సరేనంటారు. గుంటల నేల మీద ఐదారు కిలోల మిషన్ పట్టుకుని పొద్దంతా వంగి చేసే పని అని వివరంగా చెప్పి అడగండి. ఫిజియోథెరపీ మధ్యలో మానేసి ఉంటే మళ్లీ మొదలుపెట్టించండి. జిల్లా ఆసుపత్రిలో దొరుకుతుంది.

మిషన్ శబ్దానికి లోపలికి వెళ్లిపోవడం, నిద్రలో ఉలిక్కిపడటం పిరికితనం కాదు. పెద్ద ప్రమాదం తర్వాత కొన్ని వారాలు ఇలా ఉండటం మామూలే. నాలుగు నెలలైనా తగ్గలేదంటే మాత్రం దానికి వైద్యం ఉందని అర్థం. మన ఊళ్లలో మానసిక వైద్యుడి దగ్గరికి పదమంటే ఎవరూ కదలరు, నాకూ తెలుసు. అందుకని కాలు చూపించడానికి వెళ్లినప్పుడే అదే డాక్టరుకి నిద్ర సంగతి మీరు చెప్పండి, ఆయనే అటు పంపిస్తారు. టెలి మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మొదట మీరే చేసి, ఇంట్లో ఎలా మాట్లాడాలో అడగొచ్చు. ఈ భయం లోపల పెట్టుకుని మిషన్ పట్టుకుంటే చేతులు బిగుసుకుంటాయి, త్వరగా ముగించేద్దామనిపిస్తుంది. అది మళ్లీ ప్రమాదానికే దారి.

ఇప్పుడు దారులు. వచ్చే నెలే, ఇదివరకట్లాగే వెళ్లడం ఒకటి. డబ్బు వెంటనే వస్తుంది, మిషన్ వాయిదా తీరుతుంది, ఇంట్లో కొన్నాళ్లు శాంతి ఉంటుంది. కానీ పోయినసారి ప్రమాదానికి కారణమైన ప్రతిదీ అక్కడే ఉంటుంది, మారింది ఒక్కటే, కాలు బలహీనపడింది. నాకు ఇది ఏమాత్రం ఇష్టం లేదు.

రెండోది, కాలు కుదిరాక, కొన్ని మార్పులు చేసుకుని వెళ్లడం. మార్పులంటే ఏమిటో ఆయనతో కూర్చుని తేల్చుకోండి. బ్రేకు పనిచెయ్యాలి. రోజూ స్టార్ట్ చెయ్యగానే కాపు ముందుకి తోసి చూడాలి, రేజ్ వదిలేస్తే చైన్ కదలకుండా ఉండాలి. ఎడమచేతి బొటనవేలు పిడి చుట్టూ తిరిగి ఉండాలి. చాలామంది పైన ఆనించి పట్టుకుంటారు, మిషన్ ఎగిరితే ఆ పట్టు నిలవదు. చైన్ పదునుందో లేదో కింద పడేదాన్ని చూసి చెప్పొచ్చు. ముక్కలు ముక్కలుగా తురుము పడితే పదునుంది, పిండిలా రాలితే మొద్దుబారింది. మొద్దు చైన్‌ని మనిషి బలంతో తోస్తాడు, చెట్టు తెగిన క్షణంలో మిషన్‌తో పాటు ముందుకి తూలతాడు. ఆకురాయి పట్టడానికి పట్టే పది నిమిషాలు టన్ను లెక్కలోకి రావు, అదే బాధ. ఆకురాయి పట్టేటప్పుడు కోసే పన్ను ముందుండే చిన్న మిట్టని అవసరానికి మించి అరగదీస్తే చైన్ ఇంకా ఎక్కువగా ఎగురుతుంది. త్వరగా తెగుతుందని కొందరు కావాలనే అరగదీస్తారు.

లుంగీ వద్దు. జీన్స్ ప్యాంటు వేసుకుంటే చాలనుకోకండి, చైన్‌కి జీన్స్ ఒక లెక్క కాదు. మిషన్ కోతకని ప్రత్యేకంగా వచ్చే కాపు ప్యాంట్లుంటాయి, తొడలకి ముందు నుంచి కట్టుకునేవీ ఉంటాయి. మన ఎండలకి కట్టుకునేవే నయం, వెనక గాలి ఆడుతుంది. వాటి లోపల పొడవాటి దారాల పొరలుంటాయి. చైన్ తగలగానే ఆ దారాలు బయటికి లాగబడి, చైన్ నడిపే పళ్లచక్రానికి చుట్టుకుని మిషన్‌ని ఆపేస్తాయి. ఒకసారి కోత పడ్డ ప్యాంటు ఇక పనికిరాదు, కుట్టించి వాడకూడదు. ఎంత వేగాన్నైనా ఆపుతుందన్న హామీ కూడా లేదు. కొన్ని వేలు అవుతుంది. ఆసుపత్రికి ఎంతయిందో మీ దగ్గర లెక్క ఉంది. వేళ్ల దగ్గర గట్టి రేకున్న బూట్లు, ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, చెవులకి కాపు కూడా కావాలి.

అన్నిటికంటే కష్టమైన మార్పు చిక్కుకున్న చెట్టు విషయంలో. దాని కిందికి వెళ్లకూడదు, అది ఆనుకున్న చెట్టుని కోయకూడదు, అడుగు నుంచి ముక్కలుగా తగ్గించుకుంటూ రాకూడదు. దూరం నుంచి తాడు కట్టి ట్రాక్టరుతో లాగాలి, లేదా గడ్డపారతో మొదలు దొర్లించాలి, అప్పటిదాకా ఆ పక్కకి ఎవర్నీ రానివ్వకూడదు. దీనికి అరపూట పోతుంది. అరపూట కూలి ఎవరిస్తారు? ఒక్క మీ ఆయన జాగ్రత్తగా ఉంటానంటే ముఠా మిగతావాళ్లు సాగనివ్వరు. మొత్తం ముఠా మేస్త్రీతో మాట్లాడుకుని, చిక్కుకున్న చెట్టుకి ట్రాక్టరు ఆయనే పంపాలని, వాన పడ్డ మర్నాడు కోత వద్దని ఒప్పందం చేసుకోవాలి. ఆయన గాయం చూసినవాళ్లు కాబట్టి ఇప్పుడైతే వింటారు, ఏడాదయ్యాక వినరు. తుఫాను పడ్డప్పుడు రోజుకూలి ఎక్కువిస్తామని రోడ్ల మీద చెట్లు కోయడానికి పిలుస్తారు. ఆ పని మాత్రం కొన్నేళ్లదాకా వద్దు. కూలి వంగిపోయిన చెట్టులో ఏ వైపు బిగువుందో తెలియక కోస్తే కాండం చీలి మొహం మీదికి తంతుంది.

ముఠాకి ఇంకో మాట కూడా చెప్పించండి. రక్తం కారుతుంటే కాఫీ పొడి, పసుపు పోయకూడదు. మీ ఆయనకి చీము పట్టింది దానివల్లేనని నేననను, చైన్ గాయంలోకి ఎలాగూ పొట్టు, ఆయిలు, గుడ్డ పీలికలు దూరతాయి. కానీ రక్తం ఆపేది ఒత్తిడి. శుభ్రమైన గుడ్డ గాయం మీద పెట్టి బలమంతా ఉపయోగించి అదమాలి, తీసి తీసి చూడకూడదు. చేతికో కాలికో తగిలి, అదిమినా ఆగకుండా చిమ్ముతుంటే గాయానికి పైన వెడల్పాటి గుడ్డ చుట్టి, కర్ర పెట్టి మెలితిప్పి బిగించాలి, ఎన్ని గంటలకి కట్టారో రాసి పెట్టాలి, ఆసుపత్రిదాకా విప్పకూడదు. తోటలోకి దిగేముందే 108కి చెప్పాల్సిన గుర్తులు అందరికీ తెలిసుండాలి, ఫోన్ చెయ్యగానే ఒకడు రోడ్డు మీదికి వెళ్లి నిలబడాలి.

మూడో దారి, కోత మానకుండా తోట మానడం. కలప అడితీల్లో చదును నేల మీద దుంగలు ముక్కలు చేసే పని ఉంటుంది. చెట్టు మీద పడే భయం లేదు, కూలి తక్కువ. లేదా మిషన్లు బాగుచేసి, చైన్లకి ఆకురాయి పట్టి ఇచ్చే చిన్న కొట్టు. మీ చుట్టుపక్కల ఎన్ని ముఠాలున్నాయో, వాళ్లు ఇప్పుడు రిపేరుకి ఎక్కడికి వెళ్తున్నారో కనుక్కుంటే అది సాగుతుందో లేదో తేలుతుంది. తొమ్మిదేళ్లు మిషన్ పట్టినవాడికి దాని గొంతు వింటేనే జబ్బు తెలుస్తుంది, ఆ విద్య పోదు. మొదటి ఏడాది మాత్రం ఇంట్లో ఇబ్బందే. మిషన్ అమ్మి పూర్తిగా మానెయ్యడం కూడా ఉంది. అది ఆయన నోటి నుంచి రావాలి, మీరు అమ్మించారన్న మాట వస్తే జన్మంతా వినాలి.

మీ తమ్ముడి సంగతి ఇందులో కలపకండి. హెల్పర్ కదా, మిషన్ పట్టడు కదా అని మీ అమ్మగారు అనుకుంటున్నారు. కోసేవాడి తర్వాత ప్రమాదానికి అంత దగ్గరగా ఉండేది హెల్పరే. పంగకర్రతో చెట్టుని నెట్టేది వాడే, మిషన్ చప్పుడులో కేక వినపడనిదీ వాడికే. చెట్టు కూలేటప్పుడు మిగతావాళ్లు ఆ చెట్టు ఎత్తుకి రెండింతల దూరంలో ఉండాలి. మన తోటల్లో ఎవరున్నారు? పైగా, కోపం తెచ్చుకోకుండా వినండి, మీ ఆయన బావమరిదికి పని నేర్పడానికి మాత్రమే తీసుకెళ్లట్లేదు. తన కాలు చెయ్యలేనిది వాడి చేత చేయించడానికి తీసుకెళ్తున్నారు. ఆయనకే ఆ సంగతి తట్టి ఉండకపోవచ్చు. కాలు కుదిరేదాకా ఆయనే వెళ్లకపోతే తమ్ముడు వెళ్లే ప్రశ్నే రాదు.

వాడికి 19 ఏళ్లు, పిల్లాడు కాదు. మీ ఆయన చేత వద్దనిపించకండి, మీరే వాణ్ని కూర్చోబెట్టి బావ ముందే మాట్లాడండి. ఇంజన్ల మీద ఇష్టముంటే ఐటీఐలో డీజిల్ మెకానిక్ ఏడాది కోర్సు ఉంది, పదో తరగతి పాసైతే చాలు. బావ కొట్టు పెడితే అదే పనికొస్తుంది. కూలే కావాలంటే లోడింగ్, బెరడు తీసే పని ఉన్నాయి, కోత జరిగే చోటికి దూరంగా. అవీ కాదు, మిషన్ పనే నేర్చుకుంటానంటే మీరు ఆపలేరు. అప్పుడు బూట్లు, హెల్మెట్, కాపు ప్యాంటు వాడికంటూ కొన్నాకే తోటలో అడుగుపెట్టాలని పట్టుబట్టండి. మీ అమ్మగారు సరేనన్నది ఏం తెలిసి అన్నారో కూడా చూడండి. వాణ్ని తీసుకెళ్లి తొడ మీద మచ్చ చూపించమనను, మీ ఆయనకి అది అవమానం.

చివరగా మేస్త్రీ. "మిషన్ నీది" అన్నంత మాత్రాన ఆయన బాధ్యత పోదు. పనిలో గాయపడ్డ కూలీకి పరిహారం ఇవ్వాలని 1923 నుంచీ చట్టముంది. ఆ నిబంధనలు ఇప్పుడు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో ఉన్నాయి. కాంట్రాక్టరు ద్వారా పని చేయించుకున్న అసలు వ్యాపారి మీద కూడా కేసు వేసే వీలుంది. టన్ను లెక్క, సొంత మిషన్ కాబట్టి కూలీ కాదు, విడిగా కాంట్రాక్టు తీసుకున్నవాడని అవతలివాళ్లు వాదిస్తారు. ఎవరు ఎక్కడ కొయ్యమంటే అక్కడ కోశారు, ఎవరు రమ్మంటే ఆ రోజు వెళ్లారు అన్నది మీ వాదన. గెలుపు ఖాయమని చెప్పను. కేసు వేస్తే ఆ మేస్త్రీ మళ్లీ పనికి పిలవడన్నదీ నిజమే, ఆ చుట్టుపక్కల మిగతా మేస్త్రీలు కూడా పిలవకపోవచ్చు. అందుకని ముందు పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకోవడం, కుదరకపోతే జిల్లా కార్మిక శాఖ కార్యాలయం. న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయర్ని ఇస్తారు, ఫోన్ నంబరు 15100.

ఏ దారిన వెళ్లినా కాగితాలు కావాలి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, రెండు ఆపరేషన్ల వివరాలు, మందుల బిల్లులు, మేస్త్రీ ఫోన్‌లో వేసిన డబ్బుల వివరాలు, వేబ్రిడ్జి చీటీలు ఉంటే అవి, ఆ రోజు అక్కడున్న ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు. కాలు పూర్తిగా కుదరదని డాక్టరు అంటే సదరం క్యాంపులో వైకల్య ధ్రువపత్రానికి స్లాట్ తీసుకోండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా ఈ గాయానికి వర్తించదు, ఒక చెయ్యో కాలో పూర్తిగా పనికిరాకుండా పోతే లక్ష, ప్రాణం పోతే రెండు లక్షలు ఇస్తుంది. అయినా ముందుముందు కోసం మీ ఆయన పేరు మీదా తమ్ముడి పేరు మీదా రేపే కట్టించండి. పరిహారం అడగడానికి గడువు ఉంటుంది, ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు దాటనివ్వకండి. అందులో నాలుగు నెలలు అప్పుడే అయిపోయాయి.